ఒక్క రోజుకని తెచ్చిన రాట్నం

నిద్రపోయే రాజకుమారి కథను మా వాళ్ళు ఎంచుకున్నది ఆ కథ మీద ప్రేమతో కాదు. నాయికగా ఒప్పుకున్న అమ్మాయి నెలకు నాలుగు రోజులే వస్తానంది. నెలకు నాలుగు రోజులు కనిపించే నాయికతో రోజూ వచ్చే సీరియల్ ఎలా తీయాలా అని పంజాగుట్టలోని నాలుగో అంతస్తు ఆఫీసులో అందరం తల పట్టుకుని కూర్చున్నప్పుడు, మా దర్శకుడికి చిన్నప్పుడెప్పుడో విన్న కథ గుర్తొచ్చింది.

"నిద్రపోయే మనిషికి డేట్లెందుకు రైటర్‌గారూ. పూలు కప్పి ఎవరినైనా పడుకోబెట్టొచ్చు" అన్నాడు.

అందరికన్నా ముందు తల ఊపింది నేనే. మాటలు రాసి బతికేవాడికి మాట్లాడని నాయిక కన్నా కావలసిందేముంది.

కథ అందరికీ తెలిసిందే. రాజుగారికి లేకలేక కూతురు పుడుతుంది. పేరు పెట్టే వేడుకకు పిలవలేదన్న కోపంతో ఒక మాంత్రికురాలు వచ్చి, ఈ పిల్ల పెద్దయ్యాక రాట్నానికుండే ఇనుప కదురు గుచ్చుకుని నూరేళ్ళు నిద్రపోతుందని శపిస్తుంది. రాజు భయపడి రాజ్యంలోని రాట్నాలన్నీ కాల్పిస్తాడు. ఎక్కడో బురుజు మీద గదిలో ఒక్కటి మిగిలిపోతుంది. పిల్ల అక్కడికే వెళ్తుంది, వేలు గుచ్చుకుంటుంది, పడిపోతుంది. ఆమెతో పాటు కోట మొత్తం నిద్రపోతుంది. ఈ చివరి ముక్క మా నిర్మాతకు ఎంతో నచ్చింది. కోట మొత్తం నిద్రపోతే ఎవరికీ నటన రాకపోయినా ఫరవాలేదు.

మా కోట సనత్‌నగర్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డు. పక్క షెడ్డులో లేత్ మిషన్ నడుస్తూ ఉండేది. రాణిగారు కంటతడి పెట్టినప్పుడల్లా అవతల ఇనుము కోస్తున్న చప్పుడు వచ్చేది. మా సైన్యంలో ఐదుగురు సైనికులు. వాళ్ళు ఒకే స్తంభం చుట్టూ తిరుగుతూ వస్తే వంద మంది నడిచినట్టు లెక్క. పిల్లను దీవించే దేవకన్య చుట్టూ మెరిసే నక్షత్రాలను కంప్యూటర్‌లో పెట్టారు. ఆవిడ ఒక అడుగు ముందుకు వేస్తే నక్షత్రాలు వెనకే ఉండిపోయేవి. వీటన్నింటినీ చూసి నేను వెటకారంగా నవ్వుకునేవాణ్ణి. ఆ చవకబారు కోటకు నేను మాత్రం చుట్టపుచూపుగా వచ్చినట్టు, నేను రాసిన మాటలు అందులో లేనట్టు.

బురుజు సన్నివేశానికి రాట్నం కావాల్సి వచ్చింది. ఆర్ట్ విభాగం వాళ్ళు థర్మోకోల్‌తో ఎనిమిది చేసి గోధుమరంగు పూశారు. దూరం నుంచి బాగానే ఉన్నాయి. దగ్గరికి వెళ్తే పుట్టినరోజు కేకుల్లా ఉన్నాయి. వేలు గుచ్చుకునే షాట్ దగ్గర నుంచి తీయాలి. నిజమైన రాట్నం ఎక్కడ దొరుకుతుందని దర్శకుడు అడిగితే, నేను తెస్తానన్నాను.

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో నేను బట్టలు కుట్టించుకునే టైలర్ ఉన్నాడు. మా రాజుకూ మంత్రికీ బట్టలు కుట్టే పని ఆయనకు ఇప్పించింది నేనే. అందరిలాగే నేనూ మాస్టర్ అనేవాణ్ణి. ఆయనది తెలంగాణలో మగ్గాల ఊరు. వాళ్ళ నాన్న కాలం దాకా ఇంట్లో మగ్గం ఆడింది. మగ్గం పోయాక తల్లిని ఇక్కడికి తెచ్చుకున్నాడు. దుకాణం వెనక రెండు గదులు. ఆ తల్లి ఊరి నుంచి ఇంకేమీ తీసుకురాలేదు, తన రాట్నం తప్ప. మగ్గానికి కండెలు, అంటే దారం చుట్టిన చిన్న గొట్టాలు, తయారుచేసిన రాట్నం అది. ఇక్కడికొచ్చాక కూడా ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. ఆ సందు నిండా జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసే దుకాణాలే. వాళ్ళకు కావలసిన పట్టుదారాన్ని చిలపల నుంచి, ఆ వదులు చుట్టల నుంచి, కండెలకు చుట్టి ఇచ్చేది. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. ఎంతమంది ఆడవాళ్ళు దారం కోసం వచ్చి ఆవిడ దగ్గర కాసేపు కూర్చునేవాళ్ళో. ఆ సందులో మాస్టర్ తల్లిగా కాదు, రాట్నం అవ్వ అంటేనే ఆవిడ అందరికీ తెలుసు.

నేను వెళ్ళి అడిగాను.

"గిదా?" అంది ఆవిడ, చక్రం ఆపకుండానే. "గిది ఆడుకునేది గాదు బిడ్డా."

"ఆడుకోవడానికి కాదమ్మా, షూటింగుకి."

"గదే గదా నేన్జెప్పేది."

మాస్టర్ నవ్వాడు. "ఇయ్యే అమ్మా, సార్ మనకు పని ఇప్పిచ్చిండు" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావాలనే నేను ఆయన ముందు అడిగాను. అది కూడా ఇప్పుడు చెప్పుకోవాలి.

ఆవిడ చక్రం ఆపింది. "రేపు అమాస. అమాస నాడు మేము మగ్గం ఆడియ్యం, రాట్నం తిప్పం. రేపొక్క దినం తీస్కపో. ఎల్లుండి పొద్దుగాల గిది నా ముంగట ఉండాలె."

"తొమ్మిదింటికల్లా నేనే తెచ్చి ఇస్తానమ్మా" అన్నాను. ఎవరూ అడక్కపోయినా గుండె మీద చెయ్యి వేసుకున్నాను. సీరియళ్ళు రాసి రాసి వచ్చిన అలవాటు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ రాట్నానికి పసుపు రాసి, బొట్టు పెట్టి ఇచ్చింది. చిలప తొడిగే వెదురు చట్రం కూడా ఇచ్చింది, రెండూ కలిసి ఉండాలని. చక్రంలో ఒక ఆకు, ఆ అడ్డకర్ర, ఎప్పుడో విరిగితే ఇత్తడి తీగతో కట్టి ఉంది. తిప్పే పిడి నునుపుదేలి, బొటనవేలు ఆనేచోట చిన్న గుంట పడి ఉంది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని జాగ్రత్తగానే తీసుకెళ్ళాను.

వేలు గుచ్చుకునే సన్నివేశం మధ్యాహ్నానికి అయిపోయింది. నాయిక బెంగళూరు అమ్మాయి, తెలుగు రాదు. కెమెరా వెనక నుంచి ఒకరు మాట అందిస్తే అదే పలికేది, మరిచిపోతే అంకెలు లెక్కపెట్టేది. పెదాలు కదిలితే చాలు, గొంతు తర్వాత వేరేవాళ్ళు ఇస్తారు. కదురు మొన ఏళ్ళ తరబడి అరిగి మొద్దుబారింది. "ఇది గుచ్చుకుంటుందా సార్" అని ఆ అమ్మాయి ఇంగ్లీషులో అనుమానంగా అడిగింది. "మీరు పడిపోండి మేడమ్, అది గుచ్చుకున్నట్టే" అన్నాడు దర్శకుడు. ఆమె ఏడు దాకా లెక్కపెట్టి పడిపోయింది.

భోజనాలయ్యాక, కథలో ముందు జరిగే సన్నివేశం తీశాం. రాజు రాట్నాలన్నీ కాల్పించే సన్నివేశం. ఆ రోజు నేను బాగా రాశానని పొంగిపోయిన మాట ఒకటే, అది ఇక్కడే ఉంది. రాజు మంట ముందు నిలబడి, "ఈ రాజ్యంలో రాట్నమన్నది మిగలరాదు. తిరిగే చక్రమన్నది వినిపించరాదు" అంటాడు. దాన్ని నేను నాలుగుసార్లు తిరగరాశాను. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో థర్మోకోల్ రాట్నాలు కుప్ప పోసి నిప్పు పెట్టారు. అవి మండలేదు. ముడుచుకుపోయి, కరిగి, బొట్లు బొట్లుగా కారి, నల్లటి పొగ వదిలాయి. రాజుకు దగ్గు వచ్చి ఒక వైపు మీసం ఊడింది.

"రాట్నాలు కాలినట్టు లేదండీ, ఇడ్లీలు మాడినట్టుంది" అన్నాడు దర్శకుడు. "ఒక్కటన్నా కట్టె కాలాలి."

ఎవరూ గోడ వైపు చూడలేదు. నేను చూశాను. గోడ వారన, నీడలో, అవ్వ రాట్నం పసుపు బొట్టుతో ఉంది.

"అది ఉంది కదా" అన్నాను.

"అది ఎవరిదో అన్నారు?"

"నేను చూసుకుంటాను."

"తర్వాత గొడవ రాదు కదా?"

"రాదు. నేను చూసుకుంటానన్నాను కదా."

ఆయన రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లు చెప్పాను. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికి చెప్పినా దర్శకుడు మూర్ఖుడనీ, నా మాట వినలేదనీ చెప్పాను. ఆయన మూర్ఖుడే కావచ్చు, కానీ ఆ రోజు నా మాట విన్నాడు. నాకు కావలసింది నా వాక్యం వెనక అసలైన మంట. అంతే. ఆర్ట్ కుర్రాళ్ళు టీకి వెళ్ళారు కాబట్టి, కెమెరా తిరుగుతుండగా రాట్నాన్ని మంటలో పెట్టింది కూడా నేనే. వెదురు చట్రాన్ని కింద పుల్లల్లా వేశాను. పాత టేకు. చక్కగా మండింది. దర్శకుడు నా భుజం తట్టాడు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదికి నేను ఎస్.ఆర్. నగర్‌లో నా గదిలో ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. పదకొండింటికి మాస్టర్‌కు నేనే ఫోన్ చేసి, "కంటిన్యూటీ ఉంది మాస్టర్" అన్నాను. తీసిన సన్నివేశానికి ముందూ వెనకా మళ్ళీ అవసరం పడుతుందని వస్తువును దాచి ఉంచడాన్ని మేం అలా అంటాం. సినిమావాళ్ళ మాట చెవిన పడగానే మామూలు జనం గౌరవంగా ఊరుకుంటారు. ఆయనా ఊరుకున్నాడు. వారం తర్వాత అడిగాడు. కంటిన్యూటీ. పదిహేను రోజుల తర్వాత అడిగాడు. మళ్ళీ అదే. మైత్రీవనం ముందు నుంచి నడవడం మానేసి, మెట్రో స్టేషన్ అవతల నుంచి చుట్టూ తిరిగి గదికి వెళ్ళేవాణ్ణి. అరిగిన చెప్పులు చూసుకుని పని ఎక్కువైందని నాకు నేనే జాలిపడేవాణ్ణి.

"ఫికర్ ఏం లేదు సార్" అన్నాడు మాస్టర్ ఒకసారి ఫోన్లో. "కాకపోతే అమ్మకు పొద్దు పోతలేదు. దారం పని వేరేటోళ్ళకు వోయింది. పొద్దంత టీవీ ముంగట కూసుంటున్నది."

అప్పుడు కూడా నాకు తట్టలేదు. మా వృత్తిలో అందరం చేసే తప్పు ఇది. మేం రాస్తాం, తీస్తాం, పంపుతాం. దాన్ని ఎవరో కూర్చుని కన్నార్పకుండా చూస్తారన్నది మాకు గుర్తే ఉండదు. నేను రాసిన సీరియల్ నేనే చూడను, ఇంకొకరు చూస్తారని ఎలా అనుకుంటాను?

రాట్నాలు కాలే భాగం ఒక మంగళవారం వచ్చింది. మా పద్ధతి ప్రకారం ఏ ముఖ్యమైన షాట్‌నైనా ఉరుము చప్పుడుతో మూడుసార్లు చూపిస్తాం. ఆవిడ రాట్నం ఆ రోజు మూడుసార్లు కాలింది. ప్రకటనలయ్యాక నాలుగోసారి కాలింది. మర్నాడు నిన్నటి కథలో ఐదోసారి.

మాస్టర్ ఫోన్ ఆవిడే చేతిలోకి తీసుకుని నాకు చేసింది. "నా రాట్నం కాల్తున్నది బిడ్డా. ఇత్తడి తీగె సుత కనవడ్డది."

"అది గ్రాఫిక్స్ అమ్మా" అన్నాను. ఆలోచించకుండా, గుక్క తిప్పుకోకుండా వచ్చేసింది. రాయడానికి కూర్చుంటే ఏ రోజూ అంత సులువుగా మాట రాదు. "కంప్యూటర్‌లో పెట్టిన మంట. మీ రాట్నం భద్రంగా గోడౌన్లో ఉంది."

"కంప్యూటర్ల గింత మంచిగ కాల్తదా?"

"ఇప్పుడంతా అంతేనమ్మా."

దేవకన్యతో పాటు నక్షత్రాలను నడిపించలేని వాళ్ళం.

మరుసటి వారం బురుజు భాగం వచ్చింది. మేం ముందు తీసిన షాట్ కథలో తర్వాత వస్తుంది కదా. కాలి బూడిదైన రాట్నం మాంత్రికురాలి గదిలో పసుపు బొట్టుతో సహా నిక్షేపంగా కనిపించింది. ఆవిడ సందంతా తిరిగి చెప్పిందట, కాలలేదు, కాలలేదు అని. దారం కోసం వేరేవాళ్ళ దగ్గరికి వెళ్తున్న దుకాణాలవాళ్ళకు, వారం ఆగండి, నా రాట్నం వస్తున్నదని చెప్పుకుందట. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"నువ్వు మంచోనివి బిడ్డా. నేనే వేరే తీర్గ అనుకున్న. నా కొడుకుతోని నిన్ను ఓ మాట సుత అన్న. తప్పయింది."

ఆవిడ నాకు క్షమాపణ చెప్పింది. నేను, "ఫరవాలేదమ్మా" అన్నాను. పెద్దమనసుతో క్షమించాను. నా బతుకులో నేను పలికిన మాటల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు.

నెల తిరక్కుండా సీరియల్ ఆపేశారు. ఎవరూ చూడటం లేదన్నారు. రాకుమారుడు ఇంకా కోట దగ్గరికి రానేలేదు, గుర్రం కుదరలేదు. రాజకుమారిని అలాగే పడుకోబెట్టి శుభం వేశారు. దాంతో నా కంటిన్యూటీ కూడా అయిపోయింది.

అప్పుడన్నా వెళ్ళి నిజం చెప్పాల్సింది. నేను ఏం చేశానంటే, సనత్‌నగర్‌లో ఒక వడ్రంగి చేత అలాంటిదే ఇంకో రాట్నం చేయించాను. షూటింగులో తీసిన ఫోటోలు చూపించి, అదే కొలత, అదే వంపు. ఇనుప కదురు లేత్ మీద తీయించాను. మా ఆర్ట్ మనిషి దానికి మురికిరంగు పాలిష్ పూసి, ఉప్పుకాగితంతో రుద్ది, యాభై ఏళ్ళ వయసు తెప్పించాడు. ఒక ఆకు కావాలని విరగ్గొట్టి ఇత్తడి తీగతో కట్టించాను. కోటనే మోసం చేసిన వాళ్ళం, ముసలావిడ ఎంత అనుకున్నాను.

మధ్యాహ్నం పూట తీసుకెళ్ళాను. మాస్టర్ మిషన్ మీద ఉన్నాడు. ఆవిడ లేచి ఎదురొచ్చింది, పసుపూ కుంకుమా సిద్ధంగా పెట్టుకుని ఉంది. రాట్నాన్ని తన చోట పెట్టించుకుని, ముందు కూర్చుని, పిడి మీద చెయ్యి వేసింది. సగం తిప్పి ఆపేసింది.

"గిది నాది గాదు."

"అదేంటమ్మా, చూడండి, తీగ కూడా..."

"తీగె ఉన్నది. నా వేలు గుంట ఏది?"

"పాలిష్ వేశారు కదా, పూడి ఉంటుంది" అన్నాను. అప్పుడు కూడా.

మిషన్ ఆగింది. మాస్టర్ తల ఎత్తకుండానే అన్నాడు, "ఇగ సాలు సార్."

నేను ఆయన వైపు చూశాను.

"మంటల పెట్టిన చెయ్యి టీవీల కనవడ్డది. ముంజేయి దాకనే కనవడ్డది. గా కఫ్ నేను కుట్టిందే. రెండు గుండీల కఫ్ గీ గల్లీల మీరొక్కలే అడుగుతరు."

"ఎప్పుడు చూశారు?"

"మొదటి దినమే. అమ్మకు జెప్పలే. మీరే వచ్చి జెప్తరేమో అని జూసిన." కత్తెర పక్కన పెట్టాడు. "జెప్పుండ్రి మరి."

నా దగ్గర ఇంకో అబద్ధం లేక కాదు. ఆ షర్ట్ వేరేవాడికి ఇచ్చానని అప్పటికే నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగడానికి కొంచెం సమయం పట్టింది.

"నేనే పెట్టానమ్మా" అన్నాను. "కాల్చమని నన్ను ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను, నా చేత్తోనే పెట్టాను. గ్రాఫిక్స్ లేదు, గోడౌన్ లేదు. ఇది నేను చేయించింది. మీరు తప్పయిందన్న రోజు కూడా అది కాలిపోయిందని నాకు తెలుసు."

ఆవిడ కుంకుమ భరిణె మూత పెట్టింది.

"ఎందుకు కాలవెట్టినవు?"

"కథలో రాజు అన్నీ కాల్పిస్తాడమ్మా, కూతురికి గుచ్చుకుంటుందని."

"రాజ్యంల ఉన్నయన్నీ?"

"అన్నీ."

"మరి అటెన్క గా రాజు ఏం కట్టుకున్నడు?"

"కర్టెన్ గుడ్డ కట్టుకున్నడే అమ్మా, నేనే కుట్టిన" అన్నాడు మాస్టర్. ఆవిడ నవ్వలేదు.

"నూలు లేదు, బట్ట లేదు. గంత మంది నేతోళ్ళు ఏం దిన్నరు? రాసేటప్పుడు అడగవా నువ్వు?"

"అడగలేదమ్మా."

నాలుగుసార్లు తిరగరాసిన వాక్యం అది. ఒక్కసారి కూడా అడగలేదు. ఈ కథ ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమంది చెప్పారో, వాళ్ళలో ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. అది నాకు సాకు కాదు. వాళ్ళెవరూ ఆవిడ ఇంటికి వెళ్ళి గుండె మీద చెయ్యి వేసుకోలేదు.

"క్షమించండమ్మా, ఏం చెయ్యమంటే అది చేస్తాను" అన్నాను.

"గా మాటలు టీవీల జెప్పుకో" అంది. చుట్టూ చూసింది. "చట్రం ఏది?"

వెదురు చట్రం సంగతి నాకు గుర్తే లేదు. రాట్నం ఒక్కటే చేయించాను. చిలప తొడిగే చట్రం లేకపోతే రాట్నం ఉన్నా దారం చుట్టలేరని నాకు అప్పుడు తెలిసింది. "అది కూడా కాలింది" అన్నాను.

ఆవిడ అలమర తెరిచి నారింజరంగు పట్టు చిలప ఒకటి తీసింది. ఏ దుకాణంవాళ్ళదో, అన్నాళ్ళుగా అక్కడే ఉంది. "కూసో. చేతులు సాపు" అంది. కింద కూర్చుని చేతులు చాపాను. రెండు మణికట్ల మీదా చిలప తొడిగింది. "జర ఎడంగ. గట్ల. దించకు." కొస తీసి కండెకు చుట్టి, నాదీ తనదీ కాని ఆ రాట్నాన్ని తిప్పడం మొదలుపెట్టింది.

చూసేవాళ్ళకు ఇది తేలికగా కనిపిస్తుంది. పది నిమిషాలకు భుజాలు లాగేస్తాయి. దారం ఒక చేతి నుంచి ఇంకో చేతికి జారుతున్న కొద్దీ మణికట్లు ఆ లయకు వంచుతూ ఉండాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. మాస్టర్ మళ్ళీ మిషన్ తొక్కుతున్నాడు. దారం కోసం ఒకావిడ వచ్చి, గుమ్మంలో ఆగి, నన్ను చూసి, "ఎవరవ్వా గీయన" అంది.

"చట్రం" అంది ఆవిడ.

కొత్త కదురు ఇంకా బిగువుగా ఉంది. రెండుసార్లు దారం తెంపింది. తెగినప్పుడల్లా ఆవిడ తిట్టింది, దాన్నో నన్నో నేను అడగలేదు. ముడి వేసేదాకా చేతులు అలాగే చాపి ఉంచాను. అలమరలో ఇంకా మూడు చిలపలు ఉన్నాయి.